తారీఖుల తికమక: ఫసలీ నుండి కంప్యూటరు వరకు

ఒక దరఖాస్తు మీద తారీఖు వ్రాయవలసిన చోట 05-06-07 అని వ్రాసి ఉన్నదనుకొందాము. మన దేశంలో చదువుకొన్నవాడు దానిని 2007 జూన్ 5 అని చదువుతాడు. అమెరికాలో చదువుకొన్నవాడు అవే అంకెలను 2007 మే 6 అని చదువుతాడు. సంవత్సరమును ముందు వ్రాయుట అలవాటైన చైనా, జపాను, హంగరీ దేశాలవారు 2005 జూన్ 7 అని చదివినా వారిని తప్పు పట్టలేము. ముగ్గురూ తమ తమ దేశాచారమును అనుసరించి సరిగానే చదివినారు. అయినను ముగ్గురికి మూడు వేర్వేరు దినములు దొరికినవి. మనుష్యుడైతే అనుమానం కలిగినప్పుడు పక్కవానిని అడుగుతాడు. కంప్యూటరుకు అనుమానమనునది లేదు. తనకు నేర్పిన ఆచారం ప్రకారం ఏదో ఒక దినమును నిర్ణయించుకొని సాగిపోతుంది.

నేడు మన విద్యార్థులలో సెల్‌ఫోను క్యాలెండరు వాడనివారు అరుదు. పరీక్షల పట్టిక, ఉపకార వేతనపు గడువు, ఉద్యోగ ప్రకటనల చివరి తేదీ, ఇంటర్వ్యూ వేళ అన్నీ అందులోనే నమోదవుతున్నవి. కళాశాల కార్యాలయాలలో కూడ చేతివ్రాత రిజిస్టర్ల స్థానంలో కంప్యూటరు పట్టికలు వచ్చినవి. ఇటువంటి కాలంలో ఒక తారీఖు ఒక చోటి నుండి మరియొక చోటికి పోవునప్పుడు ఏమవుతుందో, ఎక్కడ చెడిపోతుందో తెలిసికొనుట అందరికీ అవసరమని భావించి ఈ వ్యాసమును వ్రాస్తున్నాము. ఈ చిక్కు కంప్యూటరుతో పుట్టినది కాదు. మన హైదరాబాదు నేలకు ఇది పాత పరిచయమే. కనుక అక్కడి నుండియే ప్రారంభిస్తాము.

గగన్‌పహాడ్, శంషాబాదు పరిసరాలలో 2008 మార్చి 23న కొత్త విమానాశ్రయం పని ప్రారంభించిన నాటి నుండి భూముల విలువ ఎంతగా పెరిగినదో మా పాఠకులకు చెప్పనక్కరలేదు. పెట్టెల అడుగున పడియున్న తాతల నాటి కాగితాలు బయటికి వచ్చినవి. ఆ కాగితాల మీది తారీఖులను చదువబోయిన యువకులు మొదటి వరుసలోనే ఆగిపోతున్నారు. వాటి మీద ఉన్నవి ఫసలీ సంవత్సరాలు, హిజ్రీ సంవత్సరాలు. కొన్నింటి మీద మాత్రమే ఇంగ్లీషు తారీఖు ఉంటుంది.

ఫసల్ అనగా పంట. హిజ్రీ సంవత్సరం చంద్రుని అనుసరించి నడిచేది. దానికి 354 లేక 355 దినములే ఉండుట వలన అది సూర్యుని సంవత్సరం కంటె సుమారు 11 దినములు పొట్టి. మతాచారాలకు ఇది సరిపోతుంది గాని శిస్తు వసూలుకు సరిపోదు. పంట చంద్రుని చూచి పండదు గదా! పైగా 32 పంటలు పండే కాలంలో 33 హిజ్రీ సంవత్సరాలు గడచిపోవుట వలన, హిజ్రీ లెక్కన శిస్తు అడిగితే రైతు ఒక పంట శిస్తు అదనంగా చెల్లించవలసి వస్తుంది. అందుచేత అక్బరు కాలంలో సంవత్సర సంఖ్యను హిజ్రీ నుండి తీసికొని, నడకను మాత్రం సూర్యమానానికి మార్చి ఫసలీని ఏర్పాటు చేసినారు. దక్కనులో అది షాజహాను కాలంలో, 1636 ప్రాంతంలో, హిజ్రీ 1046ను ఆధారంగా తీసికొని అమలైనది. రెండు చోట్ల రెండు వేర్వేరు కాలాలలో మొదలగుట వలన ఉత్తర హిందూస్థానపు ఫసలీకి, దక్కను ఫసలీకి రెండేళ్లకు పైగా తేడా ఏర్పడినది. పేరు ఒకటే, సంఖ్య వేరు. ఢిల్లీ వైపు వారు తయారుచేసిన మార్పిడి సూత్రమును మన కాగితాలకు వాడరాదనుటకు ఇదియే కారణం.

దక్కనులో కూడ ఏకరూపత లేదు. నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం ఆజుర్ నెల మొదటి తేదీన, అనగా అక్టోబరు 6న ప్రారంభమయ్యేది. ఉదాహరణకు 1356 ఫసలీ ఆజుర్ 1 అనగా 1946 అక్టోబరు 6. మద్రాసు ప్రభుత్వపు పాలనలో ఉన్న కోస్తా, రాయలసీమలలోనో ఫసలీ జూలై 1న ప్రారంభం. రెండింటికీ సూత్రం ఒకటే: సంవత్సరం మొదలైన దినము నాటి క్రీస్తు శకం నుండి 590 తీసివేయాలి. కాని మొదలయ్యే దినమే వేరు! ఆగస్టు మధ్యభాగమును తీసికొందాము. హైదరాబాదు లెక్కలో 1357 ఫసలీ 1947 అక్టోబరులో మొదలై 1948 అక్టోబరులో ముగిసినది కనుక, ఆ ఫసలీలోని ఆగస్టు 1948 నాటిది. మద్రాసు లెక్కలో 1357 ఫసలీ 1947 జూలైలో మొదలైనది కనుక, అందులోని ఆగస్టు 1947 నాటిది. సరిగ్గా ఒక సంవత్సరం తేడా. ఆ ఒక్క సంవత్సరంలో ఈ దేశంలోనూ ఈ రాజ్యంలోనూ ఏమేమి జరిగినదో చరిత్ర విద్యార్థులు ఎరుగుదురు. నేటి జమాబందీ ఫసలీ జూలై నుండి జూన్ వరకు నడుస్తున్నది. దానిని చూచి తయారుచేసిన సాఫ్టువేరు సూత్రమును నిజాం కాలపు కాగితానికి పెట్టినట్లయితే జూలై మొదలు అక్టోబరు మొదటి వారం వరకు గల ప్రతి తారీఖు ఒక సంవత్సరం వెనుకకు పోతుంది. మిగిలిన తొమ్మిది నెలల తారీఖులకు ఫలితం సరిగానే వచ్చుట వలన ఆ తప్పు ఎవరి కంటికీ కనబడదు.

నెలల పేర్లలో మరియొక వల ఉన్నది. ఆజుర్, దయ్, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దీబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహెర్, ఆబాన్ అనునవి హైదరాబాదు ఫసలీ నెలలు. ఇవన్నీ పారశీక నామాలు. ఇరాను దేశపు నేటి సౌర క్యాలెండరులో కూడ ఇవే నెలలు ఉన్నవి. కాని ఇరానులో ఆజర్ నవంబరు 22 ప్రాంతంలో మొదలవుతుంది, మన ఆజుర్ అక్టోబరు 6న మొదలయ్యేది. సెల్‌ఫోనులో దొరికే ఇరాను క్యాలెండరుతో మన తాతగారి దస్తావేజును చదివితే నెలన్నర తప్పు వస్తుంది. పేరు కలిసినది కదా అని క్యాలెండరు కలిసినదనుకొనరాదు.

ఈ ఫసలీ పాతదైనంత మాత్రాన చచ్చిపోలేదు. 1317 ఫసలీ భూమి శిస్తు చట్టం, అనగా 1907 నాటి చట్టం, నేటికీ న్యాయస్థానాలలో ఆ ఫసలీ సంఖ్యతోనే ఉదహరింపబడుతున్నది. 1354 ఫసలీ అసామీ షిక్మీల చట్టమునూ ఆ సంఖ్యతోనే పేర్కొంటారు. జాగీర్ల రద్దు శాసనం 1358 ఫసలీ నాటిది. అది 1949 ఆగస్టు 15న వచ్చినది. ఇక్కడ ఒక విచిత్రమును గమనించవలసి యున్నది. ఆ దినమున నడుస్తున్న హిజ్రీ సంవత్సరం 1368. ఫసలీ 1358, హిజ్రీ 1368! ఒక్క అంకె మాత్రమే వేరు. 1046లో కలిసి బయలుదేరిన ఈ రెండు సంఖ్యలు, మూడు శతాబ్దాలలో చంద్రుడు పది అడుగులు ముందుకు పోవుట వలన, సరిగ్గా ఆ కాలంలో పదేళ్ల తేడాకు వచ్చినవి. కంప్యూటరులోకి ఎక్కించే గుమాస్తాకు ఈ సంగతి తెలియనిచో, ఒక కాగితం మీద రెండూ పక్కపక్కన కనబడినప్పుడు, ఒకటి వ్రాత పొరపాటని తలచి రెండవదానితో సమానం చేసే ప్రమాదమున్నది. అట్లు సరిచేసిన చోట పదేళ్లు ఎగిరిపోతవి. కౌలుదారు హక్కు, వారసుల తరం, కొనుగోలు జరిగిన కాలం ఈ పదేళ్ల మీద ఆధారపడి ఉండవచ్చును. అందువలన దస్తావేజు మీద తారీఖు చదివేటప్పుడు సంఖ్య కంటె ముందు అది ఏ సన్ అని అడుగుట మంచి పద్ధతి. ఫసలీ అని గాని హిజ్రీ అని గాని వ్రాసిన ఆ చిన్న మాటయే మొత్తం తారీఖులో ఎక్కువ విలువైనది.

తెలుగు సంవత్సరాల సంగతి ఇంతకంటె సులభమైనది, అయినను ఒక చిక్కు ఉన్నది. 2025 మార్చి 30న విశ్వావసు నామ సంవత్సరం వచ్చినది. అంతకు ముందు విశ్వావసు 1965లో వచ్చినది. అరువది ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది గనుక, విశ్వావసు ఉగాది నాడు ఇల్లు కట్టినారని మాత్రమే తెలిస్తే తాత కట్టినాడో మనుమడు కట్టినాడో తేలదు. కంప్యూటర్లు కూడ ఇదే తప్పు చేసినవి. జ్ఞాపకశక్తి ఖరీదైన తొలి రోజులలో సంవత్సరమును రెండే అంకెలలో దాచిపెట్టినారు. 1999 ముగిసి 2000 వచ్చునప్పుడు ప్రపంచమంతట ఎంత కంగారు పుట్టినదో మన పెద్దలకు గుర్తున్నది. హైదరాబాదు యువకులు ఎందరో ఆ మరమ్మతు పనులకే అమెరికా వెళ్లినారు. మన చక్రం అరువది ఏళ్లది, వారి చక్రం నూరేళ్లది. అంతే భేదం.

ఆ చిక్కు పూర్తిగా పోలేదు. ఎక్సెల్ పట్టికలో రెండంకెల సంవత్సరం వ్రాస్తే, సాధారణ అమరికలో, 00 నుండి 29 వరకు 2000ల లోనికి, 30 నుండి 99 వరకు 1900ల లోనికి అది త్రోసివేస్తుంది. 1928లో పుట్టిన ఒక వృద్ధుని పుట్టిన సంవత్సరం 28 అని వ్రాస్తే 2028 అవుతుంది. ఇంకను పుట్టనివానికి పింఛను ఎవరిస్తారు?

ఇప్పుడు కంప్యూటరు కడుపులో తారీఖు ఎట్లు ఉంటుందో చూద్దాము. అందులో జూన్ అనిగాని మే అనిగాని ఉండదు. ఒక లెక్క మాత్రమే ఉంటుంది. ఎక్సెల్ 1900 జనవరి 1ని ఒకటవ దినముగా తీసికొని అక్కడి నుండి దినాలను లెక్కిస్తుంది. దాని లెక్కలో 2025 జూన్ 5 అనగా 45813. యూనిక్సు అనే పద్ధతి 1970 జనవరి 1 నుండి గడచిన సెకండ్లను లెక్కిస్తుంది. తెర మీద మనకు కనబడే 05-06-2025 అనునది ఆ సంఖ్యకు తొడిగిన చొక్కా వంటిది. చొక్కా మారితే మనిషి మారడు. లోపల 45813 అని సరిగా ఉన్నంతవరకు దానిని ఏ రూపంలో చూపించినా ప్రమాదం లేదు. ప్రమాదమంతా చొక్కాను చూచి మనిషిని ఊహించే సమయంలో, అనగా అంకెలుగా వ్రాసిన తారీఖును యంత్రం సంఖ్యగా మార్చుకొనే సమయంలో వస్తుంది.

ఒక కళాశాల కార్యాలయంలో విద్యార్థుల పుట్టిన తేదీల పట్టికను మన ఆచారం ప్రకారం రోజు, నెల, సంవత్సరం అనే క్రమంలో తయారుచేసినారనుకొందాము. దానిని అమెరికా అమరిక గల కంప్యూటరులో తెరిచినారనుకొందాము. 25-06-2005 అనే తారీఖు వచ్చినప్పుడు యంత్రం 25వ నెల లేదు గనుక దానిని తారీఖుగా గుర్తించక ఉత్త అక్షరాలుగా వదిలివేస్తుంది. 05-06-2005 వచ్చినప్పుడు మాత్రం సంతోషంగా మే 6 అని తీసికొంటుంది. సంవత్సరంలోని 365 దినాలలో రోజు సంఖ్య 12 దాటని దినములు 144. వాటిలో జనవరి 1, ఫిబ్రవరి 2, మార్చి 3 ఇట్లు రోజూ నెలా సమానమైనవి 12 మాత్రం క్షేమంగా ఉంటవి. మిగిలిన 132 దినములు చప్పుడు లేకుండా తారుమారవుతవి. మిగతా 221 దినములు అక్షరాలుగా మిగిలిపోతవి. అప్పుడు గుమాస్తా ఏమి చేస్తాడు? పట్టికలో సగానికి పైగా తారీఖులు కుదరలేదని గమనించి, వాటిని మాత్రమే సరిచేస్తాడు. కుదిరినట్లు కనబడిన 132 దినములవారు తప్పు పుట్టినరోజులతో అట్లే ఉండిపోతారు. ఎక్కడ యంత్రం మొర పెట్టినదో అక్కడ నష్టం లేదు, ఎక్కడ మౌనంగా అంగీకరించినదో అక్కడే నష్టం. ఆ విద్యార్థి ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టినప్పుడు పదవ తరగతి ధ్రువపత్రం మీద ఒక తేదీ, కళాశాల పట్టికలో ఒక తేదీ కనబడి, దరఖాస్తు తిరిగి వస్తుంది. తప్పు ఎక్కడిదో తెలియక ఆ పిల్లవాడు కార్యాలయాల చుట్టూ తిరుగుతాడు. తండ్రి ఆటో నడిపేవాడో రాళ్ల క్వారీలో పనిచేసేవాడో అయితే ఆ తిరుగుట ఒక్కొక్క దినము కూలి నష్టంతో కూడిన పని.

క్యాలెండరు సాఫ్టువేర్లలో కూడ ఇదే జరుగుతుంది. పరీక్షల పట్టికను ఒక పట్టిక ఫైలుగా తయారుచేసి క్యాలెండరులోకి ఒకేసారి ఎక్కించే సౌకర్యమును గూగుల్ కల్పించినది. దాని సూచనలలో చూపిన ఉదాహరణ నెల ముందు, రోజు తరువాత గల అమెరికా క్రమంలో ఉన్నది. మనవారు సూచనలు చదువరు. సెప్టెంబరు 4 నాటి పరీక్ష ఏప్రిల్ 9న పోయి కూర్చొన్నదని పరీక్ష దగ్గరపడిన తరువాత గాని తెలియదు.

ఎక్సెల్ గూర్చి మరి రెండు మాటలు. అది 1900ను లీపు సంవత్సరంగా లెక్కిస్తుంది. నూరుతో భాగింపబడి 400తో భాగింపబడని సంవత్సరం లీపు కాదని మన బడిపిల్లలకు కూడ తెలుసు. తనకు ముందు ప్రచారంలో ఉన్న లోటస్ అనే పట్టికల సాఫ్టువేరులో ఆ తప్పు ఉన్నందున, దాని ఫైళ్లతో సరిపడవలెనని ఎక్సెల్ ఆ తప్పును కావాలనే కొనసాగించినది. మాకింతోషు కంప్యూటర్ల కోసం చేసిన పాత ఎక్సెల్ 1904 నుండి లెక్కించేది. రెండింటికి 1462 దినముల తేడా. ఒకదాని నుండి సంఖ్యలను మరొకదానిలో అతికిస్తే నాలుగేళ్ల ఒక దినము జరిగిపోతుంది. మరియు ఇది తారీఖు కానిదానిని కూడ తారీఖుగా తలచుటలో దిట్ట. మార్చ్ 1, సెప్ట్ 1 అనే పొట్టి పేర్లు గల మానవ జన్యువులను అది తారీఖులుగా మార్చివేయుట వలన శాస్త్రజ్ఞులు విసిగి, చివరకు 2020లో జన్యు నామకరణ సంఘమువారు ఆ జన్యువుల పేర్లనే మార్చినారు. సాఫ్టువేరును మార్చుట కంటె మనిషి జన్యువు పేరు మార్చుట సులభమైనదన్న మాట!

విమానాశ్రయం మన ఇరుగుపొరుగున ఉన్నది గనుక అక్కడివారు తారీఖును ఎట్లు వాడుతున్నారో చూచుట లాభకరం. టిక్కెట్టు మీద జూన్ 5ను 05 అని వ్రాసి పక్కన నెల పేరులోని మూడు ఇంగ్లీషు అక్షరాలను అచ్చువేస్తారు. అక్షరాలను ఎవరూ రోజు సంఖ్య అనుకొనరు గనుక తారుమారుకు తావు లేదు. బోర్డింగు పాసు మీది గీతల సంకేతంలో నెలే ఉండదు. సంవత్సరంలో ఎన్నవ దినమో ఆ మూడంకెల సంఖ్య మాత్రమే ఉంటుంది. లీపు కాని సంవత్సరంలో జూన్ 5 అనగా 156. ఇక విమానాల నడక అంతా ప్రపంచ సమయం ప్రకారం జరుగుతుంది. అది మన గడియారం కంటె అయిదున్నర గంటలు వెనుక. జూన్ 6 తెల్లవారుజామున 3 గంటల 30 నిమిషాలకు శంషాబాదులో లేచే విమానం ప్రపంచ సమయంలో జూన్ 5 రాత్రి 10 గంటలకు లేచినట్లు నమోదవుతుంది. రెండూ నిజమే. అందుకే విమానయానంలో వేళ పక్కన అది ప్రపంచ సమయమని తెలిపే గుర్తును వాడుతుంటారు. మన ఫసలీ, హిజ్రీ అనే మాటలు చేసే పని ఇదియే.

దినము ఎప్పుడు మొదలవుతుందన్నది కూడ అందరికీ ఒకటి కాదు. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వానకు గగన్‌పహాడ్ అప్పచెరువు కట్ట తెగి జాతీయ రహదారి మీదికి నీరు పొంగి ప్రాణనష్టం జరిగినది. ఆ రాత్రి కురిసిన వానను వాతావరణ శాఖ లెక్కలలో వెదికేవారు అక్టోబరు 14 కింద చూడవలెను. ఎందువలననగా ఆ శాఖవారు ఉదయం ఎనిమిదిన్నరకు కొలత తీసి, అంతకు ముందటి 24 గంటల వానను ఆ ఉదయపు తారీఖు కింద వ్రాస్తారు. ఈ సంగతి తెలియక 13వ తేదీ వరుసను మాత్రమే చూచినవాడు ఆ రాత్రి వానను తక్కువగా అంచనా వేస్తాడు.

హిజ్రీ దినము సూర్యాస్తమయంతో మొదలవుతుంది. రాత్రి ఎనిమిది గంటలకు జరిగిన నికాహ్ ఇంగ్లీషు తారీఖున ఆ దినమునకు చెందినా, హిజ్రీలో మరుసటి దినమునకు చెందుతుంది. తారీఖు మాత్రమే తీసికొని హిజ్రీగా మార్చే సాఫ్టువేర్లకు వేళ తెలియదు గనుక నికాహ్‌నామా మీద ఖాజీగారు వ్రాసిన హిజ్రీ తేదీకి, అది చూపిన తేదీకి ఒక దినము తేడా రావచ్చును. అప్పుడు ఖాజీగారిది తప్పని చెప్పుట తొందరపాటు.

నెలవంక సంగతి మన కళాశాల వంటి సంస్థల ప్రణాళికలకు మరింత ముఖ్యమైనది. కంప్యూటర్లలో హిజ్రీ క్యాలెండరు ఒకటి కాదు, అనేక రకాలు ఉన్నవి. కేవలం గణితంతో నెలకు 30, 29 దినములు వంతులవారీగా వేసేది ఒకటి. సౌదీ అరేబియా ప్రభుత్వం అనుసరించే ఉమ్ముల్ ఖురా పట్టికను వాడేది మరొకటి. మన పట్టణంలోనో చంద్రదర్శనమును బట్టి నెల నిర్ణయమవుతుంది. 2024లో సౌదీలో ఈదుల్ ఫితర్ ఏప్రిల్ 10న, హైదరాబాదులో ఏప్రిల్ 11న జరిగినది. 2025లో అక్కడ మార్చి 30న, ఇక్కడ మార్చి 31న జరిగినది. ఆ రెండు సంవత్సరాలలోనూ ఉగాది సరిగ్గా ఆ రోజులలోనే, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న రావడంతో సెలవుల పట్టిక వేసేవారికి కొంత అదనపు పని పడినది. సెల్‌ఫోను క్యాలెండరు చూపే పండుగ తేదీ ఒక అంచనా మాత్రమే. దానిని నమ్మి పండుగ మరునాడే ప్రయోగ పరీక్ష పెట్టినవారు చంద్రుడు ఒక దినము ఆలస్యమైతే ఏమి చేస్తారు? ఇటువంటి తేదీని నమోదు చేసేటప్పుడు అది అంచనా అని పక్కన వ్రాయుట, ముందు వెనుక ఒక్కొక్క దినము ఖాళీగా ఉంచుట కళాశాల పాలకవర్గమువారికి మేము చేసే విన్నపం.

జిద్దా, రియాద్‌లలో బంధువులున్న ఇండ్లు మన వద్ద లెక్కలేనన్ని. వారితో క్యాలెండరును పంచుకొన్నప్పుడు వలీమా ఒక దినము ముందుకు జరిగినట్లు కనబడుట కొందరు గమనించి ఉంటారు. దానికి కారణం సులభం. వేళ లేని తారీఖును కొన్ని సాఫ్టువేర్లు ఆ దినము అర్ధరాత్రి 12 గంటలుగా దాచిపెడతవి. మన అర్ధరాత్రికి సౌదీలో అంతకు ముందటి రోజు రాత్రి 9 గంటల 30 నిమిషాలు. అక్కడి ఫోను దానిని ముందటి తారీఖు కింద చూపుతుంది. మంచి సాఫ్టువేరు పుట్టినరోజు, పండుగ, సెలవు వంటి వేళ లేని దినములను ఒక రకంగానూ, పరీక్ష, సమావేశం వంటి వేళ గల వాటిని మరొక రకంగానూ దాస్తుంది. క్యాలెండర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనుటకు ఏర్పరచిన నియమాలలో కూడ ఈ రెండింటికీ వేర్వేరు రూపాలు ఉన్నవి. కంప్యూటరు శాస్త్రం చదివే మా విద్యార్థులు తాము వ్రాసే చిన్న ప్రోగ్రాములలో ఈ భేదమును పాటించవలెనని కోరుతున్నాము. పుట్టినరోజుకు గడియారంతో పని లేదు.

దేశానికంతటికీ ఒకే క్యాలెండరు కావలెనన్న ప్రయత్నం లేకపోలేదు. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన సంఘం దేశంలో సుమారు ముప్పది రకాల క్యాలెండర్లు వాడుకలో ఉన్నవని గుర్తించినది. దాని సిఫారసుపై 1957 మార్చి 22 నుండి, అనగా శకం 1879 చైత్రం 1 నుండి, జాతీయ క్యాలెండరు వచ్చినది. భారత ప్రభుత్వపు గెజెటు మీద నేటికీ అది కనబడుతుంది. ఇండ్లలో మాత్రం కనబడదు.

అంకెల క్రమం విషయంలో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1988లో 8601 అనే ప్రమాణమును ప్రకటించినది. సంవత్సరం నాలుగంకెలలో ముందు, తరువాత నెల, చివర రోజు: 2025-06-05. ఈ క్రమంలో వ్రాసిన దానిని వేరుగా చదివే దేశం లేదు. అన్నిటికంటె పెద్దది ముందుండుట వలన, ఫైళ్ల పేర్లలో ఇట్లు వ్రాస్తే అవి వాటంతట అవే కాలక్రమంలో అమరిపోతవి. మన భారత ప్రమాణాల సంస్థ కూడ దీనిని ఐఎస్ 7900 అను పేరుతో స్వీకరించినది. మనుష్యులు చదువుకొనే కాగితాల మీద 5 జూన్ 2025 అని నెలను అక్షరాలలో వ్రాయుట చాలు. యంత్రం దాచుకొనే చోట ప్రమాణపు క్రమం ఉండవలెను. మన పూర్వపు గుమాస్తాలు పుట్టిన తేదీని అంకెలలో వ్రాసి మళ్లీ అక్షరాలలో వ్రాసేవారు. పదవ తరగతి ధ్రువపత్రంలో ఆ అలవాటు మిగిలియున్నది. కొందరు దానిని చాదస్తమంటారు గాని, పైన చెప్పిన 132 దినములలో పుట్టినవారిని అది ఒక్కటే కాపాడగలదు.

తెలియని దానిని పూరింపకుండుట మరొక ముఖ్య విషయం. కొన్ని ఆధార్ కార్డుల మీద పుట్టిన సంవత్సరం మాత్రమే అచ్చయి ఉన్నది. కంప్యూటరు ఫారం పూర్తి తారీఖు లేనిదే ముందుకు పోనివ్వదు. అప్పుడు ఎక్కించేవాడు జనవరి 1 అనో జూలై 1 అనో వ్రాసివేస్తాడు. మన ముసలివారిలో ఇందరు జనవరి 1న పుట్టినట్లు కనబడుటకు ఇదియే కారణం. కొంత కాలానికి ఆ ఊహయే నిజమైన తేదీగా చెలామణి అవుతుంది. సంవత్సరమే తెలిసినప్పుడు సంవత్సరమే వ్రాసే వీలు పట్టికలో ఉండవలెను.

పాత ప్రవేశ రిజిస్టర్లను కంప్యూటరులోకి ఎక్కించే పని తలపెట్టే కార్యాలయమువారు ఒక తారీఖుకు మూడు గడులు కేటాయించుట మంచిదని మా అభిప్రాయం. మొదటి గడిలో కాగితం మీద ఉన్నది ఉన్నట్లు, చుక్క పోకుండ వ్రాయాలి. రెండవ గడిలో అది హైదరాబాదు ఫసలీయా, జూలై ఫసలీయా, హిజ్రీయా, ఇంగ్లీషు తేదీయా అన్నది వ్రాయాలి. మూడవ గడిలో ప్రమాణపు క్రమంలో మార్చిన తారీఖు ఉండాలి. మార్చినది తప్పని పదేళ్ల తరువాత తేలినా మొదటి గడి చెక్కుచెదరకుండా ఉంటుంది. ఫసలీ నెలల దినసంఖ్య అన్నిటికీ సమానం కాదు గనుక ఫసలీ దినమును ఇంగ్లీషు దినముగా మార్చేటప్పుడు నోటి లెక్కను నమ్మక, ఆ కాలంలో అచ్చయిన జంత్రీని పక్కన పెట్టుకొనవలెను. పాత ఇండ్లలో చెదలు పట్టుతున్న జంత్రీలు ఎవరివద్దనైనా ఉన్నట్లయితే కళాశాల గ్రంథాలయానికి ఇప్పించవలసినదిగా విద్యార్థులను కోరుతున్నాము.